షేర్డ్ మెమరీని సృష్టించిన తరువాత

ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో షేర్డ్ మెమరీ (పలు ప్రాసెస్‌లు, అంటే నడుస్తున్న ప్రోగ్రాంలు, ఉమ్మడిగా వాడుకునే మెమరీ) గురించి అందరికీ గుర్తుండిపోయే మాట ఒకటుంది: ప్రాసెస్‌లు సమాచారం పంచుకునే పద్ధతులన్నిటిలో ఇదే వేగవంతమైనది. ఆ మాట నిజమే. పైప్ (ఒక ప్రాసెస్ రాసినది మరొకటి చదివే గొట్టం లాంటి దారి) ద్వారా పంపిన సమాచారం పంపే ప్రాసెస్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ కీలక భాగమైన కెర్నెల్‌లోకి ఒకసారి, కెర్నెల్ నుంచి అందుకునే ప్రాసెస్‌లోకి మరోసారి కాపీ అవుతుంది. షేర్డ్ మెమరీలో ఆ రెండు కాపీలూ ఉండవు, ఒకసారి జత చేసుకున్నాక చదవడానికీ రాయడానికీ కెర్నెల్‌ను పని అడిగే సిస్టమ్ కాల్ కూడా అక్కరలేదు. అయితే ఈ వేగమంతా కెర్నెల్ మధ్యలోంచి తప్పుకోవడం వల్ల వచ్చినదే కనుక, అంతవరకూ అది మన తరఫున చూసుకున్న వరుస, కాపలా, శుభ్రత అన్నీ మన బాధ్యత అవుతాయి. ల్యాబ్‌లో ఒక ప్రోగ్రాం వాక్యం రాసి, మరో ప్రోగ్రాం దాన్ని చదివి ముద్రించడంతో అభ్యాసం ముగుస్తుంది కాబట్టి ఈ రెండో సగం చాలామందికి ఉద్యోగంలో చేరాకే ఎదురవుతుంది. నాకు ఆసక్తి కలిగించేది ఈ రెండో సగమే.

ముందుగా సృష్టించడం సంగతి చూద్దాం. లినక్స్‌లో కొత్తగా రాసే ప్రోగ్రాంకు యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోజిక్స్ పద్ధతి చక్కగా సరిపోతుంది. ‘షమ్‌ఓపెన్’ కాల్‌తో ఒక పేరు పెట్టి సెగ్మెంట్‌ను, అంటే ఉమ్మడి మెమరీ ముక్కను, తెరుస్తాము, అప్పటికి దాని పరిమాణం సున్నా కనుక ‘ఎఫ్‌ట్రంకేట్’తో కావలసినంత పెంచుతాము, ఆపైన ‘ఎమ్‌మ్యాప్’తో, మార్పులు అందరికీ కనబడాలన్న ఫ్లాగ్ ఇచ్చి, మన ప్రాసెస్‌కు కనబడే మెమరీ చిరునామాల పరిధి అయిన అడ్రస్ స్పేస్‌లోకి తెచ్చుకుంటాము. రెండో ప్రాసెస్ అదే పేరుతో తెరిచి, అదే విధంగా మ్యాప్ చేసుకుంటుంది. లోపల జరిగేది కూడా సరళమైనదే: రెండు ప్రాసెస్‌ల పేజ్ టేబుళ్ళూ (ఏ అడ్రస్ అసలు మెమరీలో ఎక్కడికి చేరుతుందో చెప్పే పట్టికలు), సాధారణంగా 4096 బైట్ల పరిమాణం గల ఒకే భౌతిక పేజీలను చూపిస్తాయి. రెండిళ్ళ పెరటి దారులు వేరైనా చేరేది ఒకే ఉమ్మడి బావికి అయినట్టు, అడ్రస్‌లు వేరైనా చోటు ఒక్కటే.

ఇక్కడ తొందరపడకూడని సందు ఒకటి ఉంది. మొదటి ప్రాసెస్ పేరు సృష్టించిన తరువాత, పరిమాణం పెంచకముందే రెండోది వచ్చి మ్యాప్ చేసి ముట్టుకుంటే, కెర్నెల్ దానికి లేని చోటును ముట్టుకున్నావని చెప్పే సిగ్‌బస్ సిగ్నల్ పంపుతుంది, ప్రోగ్రాం అక్కడికక్కడే ఆగిపోతుంది. పరిమాణం పెరిగినా లోపలి నిర్మాణం ఇంకా సిద్ధమై ఉండకపోవచ్చు. కొత్త సెగ్మెంట్ అంతా సున్నాలతో నిండి ఉంటుందన్న హామీ మనకు ఉంది కాబట్టి, సృష్టికర్త అన్ని పనులూ ముగించాక చిట్టచివర సెగ్మెంట్ మొదట్లోని హెడర్‌లో సున్నా కాని ఒక నిర్ణీత సంఖ్యను అటామిక్‌గా, అంటే సగం రాసిన స్థితి ఎవరికీ కనబడకుండా, రాయాలి. వచ్చినవారు ముందు పరిమాణాన్ని, తరువాత ఆ సంఖ్యను చూశాకే ముందుకు సాగాలి. లోపల పాయింటర్లు, అంటే మెమరీ అడ్రస్‌లు, దాచడం కూడా తప్పే, ఎందుకంటే ఒక ప్రాసెస్‌లో సరైన అడ్రస్ మరో ప్రాసెస్‌లో అర్థం లేని అంకె అవుతుంది. సెగ్మెంట్ మొదలు నుంచి ఎంత దూరమో తెలిపే ఆఫ్‌సెట్లను మాత్రమే దాచాలి.

సృష్టి ఇంతటితో అయిపోయింది. అసలు కష్టం ఏదైనా ప్రాసెస్ పని మధ్యలో చనిపోయినప్పుడు మొదలవుతుంది, దాన్ని నేను చూసిన వాటిలో అత్యంత శ్రద్ధగా పరిష్కరించిన సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. ఆ డేటాబేస్‌లో ప్రతి కనెక్షన్‌కూ ఒక ప్రత్యేక ప్రాసెస్ ఉంటుంది. డిస్క్ నుంచి తెచ్చిన పేజీలు, లాక్‌ల (ఒకేసారి ఇద్దరు మార్చకుండా ఆపే తాళాల) పట్టికలు అన్నీ షేర్డ్ మెమరీలో ఉంటాయి. ఒక ప్రాసెస్ ఏదో పట్టికను సగం మార్చి కూలిపోతే మిగిలినవారు ఆ పట్టికను నమ్మవచ్చా? పోజిక్స్ థ్రెడ్స్‌లో రోబస్ట్ మ్యూటెక్స్ అనే లాక్ సదుపాయం ఉంది. లాక్ పట్టుకున్నవారు చనిపోయారని తరువాత వచ్చినవారికి అది తెలియజేస్తుంది, కానీ ఆ లాక్ కాపాడుతున్న సమాచారం ఏ స్థితిలో ఉందో చెప్పలేదు. పోస్ట్‌గ్రెస్ ఇచ్చుకున్న సమాధానం కఠినమైనది: ఒక్క సర్వర్ ప్రాసెస్ అసహజంగా కూలినా, పోస్ట్‌మాస్టర్ అనే మూల ప్రాసెస్ మిగిలిన కనెక్షన్లన్నిటినీ తెంచివేసి, షేర్డ్ మెమరీని మొదటి నుంచి సిద్ధం చేసి, మార్పులను వరుసగా రాసి ఉంచిన డిస్క్ మీది లాగ్ సాయంతో డేటాను కోలుకునేలా చేస్తుంది. ఒకరి తప్పుకు అందరినీ తెంచడం అన్యాయంగా కనిపించవచ్చు గాని, పాడైన మెమరీని నమ్మి డిస్క్ మీదికి రాయడం కన్నా ఇదే మేలని నా గట్టి అభిప్రాయం.

రెండో ప్రమాదం మరింత సూక్ష్మమైనది. పోస్ట్‌మాస్టర్‌ను ఎవరో ‘కిల్ మైనస్ నైన్’ ఆదేశంతో బలవంతంగా చంపారనుకుందాం. దాని పిల్ల ప్రాసెస్‌లు ఇంకా పని చేస్తూ ఉండగానే నిర్వాహకుడు కొత్త సర్వర్‌ను మొదలుపెడితే, ఒకరి సంగతి ఒకరికి తెలియని రెండు గుంపులు ఒకే డేటా డైరెక్టరీలో రాయడం మొదలుపెడతాయి. పాత ప్రాసెస్‌లు ఇంకా ఉన్నాయని నమ్మకంగా తెలుసుకోవడం ఎలా? ఇక్కడే పాతదైన సిస్టమ్ ఫైవ్ (ఒకప్పటి యూనిక్స్ వెర్షన్) పద్ధతి ఉపయోగపడుతుంది. ‘షమ్‌గెట్’తో సృష్టించి ‘షమ్‌ఎట్’తో జత చేసుకునే ఆ సెగ్మెంట్లకు, ప్రస్తుతం ఎన్ని ప్రాసెస్‌లు జతపడి ఉన్నాయో కెర్నెల్ లెక్క ఉంచుతుంది, ప్రాసెస్ ఎలా చనిపోయినా ఆ లెక్కను తగ్గిస్తుంది. పోజిక్స్ పద్ధతిలో అడిగి తెలుసుకోగల అలాంటి లెక్క లేదు.

అందుకే 2013లో విడుదలైన 9.3 వెర్షన్‌లో పోస్ట్‌గ్రెస్ తన ప్రధాన షేర్డ్ మెమరీని పేరులేని ఎమ్‌మ్యాప్‌కు మార్చుకున్నా, సిస్టమ్ ఫైవ్ సెగ్మెంట్ ఒకదాన్ని అతి చిన్నదిగా అట్టే పెట్టుకుంది. ఆ మార్పు నిర్వాహకులకు పెద్ద ఊరట, ఎందుకంటే అప్పటి లినక్స్‌లో ఒక సెగ్మెంట్ గరిష్ఠ పరిమితి సాధారణంగా 32 మెగాబైట్లే కావడంతో, అంతవరకూ అంతకన్నా ఎక్కువ షేర్డ్ మెమరీ కావాలనుకున్నవారు ముందుగా కెర్నెల్ సెట్టింగ్ మార్చవలసి వచ్చేది. మిగిలిన ఆ చిన్న సెగ్మెంట్ గుర్తింపు సంఖ్యను సర్వర్ తన పీఐడీ (ప్రాసెస్ సంఖ్య) ఫైల్‌లో రాసి ఉంచుతుంది. కొత్త సర్వర్ లేచినప్పుడు దానికి ఎవరైనా ఇంకా జతపడి ఉన్నారని తేలితే మొదలవడానికి నిరాకరిస్తుంది. ఆ సందేశం చూసి విసుగుతో పీఐడీ ఫైల్‌ను తొలగించేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, ముందు పాత ప్రాసెస్‌లను వెతికి ముగించండి.

పేరు పెట్టిన పోజిక్స్ సెగ్మెంట్లు వాడేవారు శుభ్రతను కూడా స్వయంగా చూసుకోవాలి. అన్ని ప్రాసెస్‌లూ ముగిసినా, ‘షమ్‌అన్‌లింక్’ పిలిచేవరకు లేదా యంత్రాన్ని మళ్ళీ బూట్ చేసేవరకు ఆ పేరు లినక్స్‌లో డెవ్ కింద షమ్ అనే డైరెక్టరీలో ఉంటూ మెమరీని పట్టుకునే ఉంటుంది. అక్కడ ఒక లిస్టింగ్ తీస్తే, పాత సెగ్మెంట్లు ఏవైనా మిగిలాయేమో తెలిసిపోతుంది. సిస్టమ్ ఫైవ్ సెగ్మెంట్లనైతే ‘ఐపీసీఎస్’ ఆదేశం చూపిస్తుంది. ప్రోగ్రాంలను విడివిడిగా వేరుచేసి నడిపే డాకర్ కంటైనర్లలో ఆ షమ్ డైరెక్టరీకి అప్రమేయంగా కేటాయించేది 64 మెగాబైట్లే. పోస్ట్‌గ్రెస్ ఒక పెద్ద క్వెరీని సమాంతరంగా నడిపేటప్పుడు అప్పటికప్పుడు సృష్టించే అదనపు సెగ్మెంట్లు లినక్స్‌లో సాధారణంగా అక్కడికే చేరతాయి. అందువల్ల డిస్క్ నిండా ఖాళీ ఉన్నా స్థలం లేదన్న ఎర్రర్ వస్తే, కంటైనర్‌ను ప్రారంభించే ఆదేశంలో షమ్ సైజ్ ఆప్షన్‌ను పెంచి చూడాలి.