పలకరాయి మీద పునీతులు

నా ఫోనులో పదకొండు ఫోటోలున్నాయి, అన్నీ ఒకే పటానివి. ఒక్కదాంట్లో కూడా పటం సరిగా లేదు. ఒకదాంట్లో దీపాల మెరుపు, ఒకదాంట్లో అమ్మ తల, మిగతావాటిలో చీకటి.

పాతికేళ్లకోసారి వచ్చే క్యాథలిక్కుల పుణ్యవత్సరం, 2025 జూబిలీ యాత్రకి అమ్మని రోముకి తీసుకెళ్లాను. మొత్తం నలభై మందిమి, అందరం తెలుగువాళ్లమే. జూబిలీకే తెరిచే నాలుగు మహాదేవాలయాల పవిత్ర ద్వారాలూ రెండు రోజుల్లో బస్సులో తిప్పేశారు. దిగడం, పరిగెత్తడం, తలుపు దాటడం, మళ్లీ బస్సెక్కడం. అమ్మకి మోకాళ్ల నొప్పులు. 16వ శతాబ్దంలో రోములో ఉన్న గురువు పునీత ఫిలిప్ నేరి తన కాలంలో జనాన్ని వెంటేసుకుని ఏడు గుళ్లు నడిచి తిరిగేవాడట, పాటలు పాడుకుంటూ, దారిలో తోటలో ఆగి భోజనం చేసి. ఇరవై కిలోమీటర్ల పైమాటే. అది చెబితే అమ్మ, "ఆయన గుడి ఏది మరి? దాన్ని చూపించలేదే" అంది. లిస్టులో లేదు. శనివారం సాయంత్రం షాపింగుకని మూడు గంటలు వదిలారు. మేం అటు వెళ్లాం.

గుడి అసలు పేరు సాంతా మరియా ఇన్ వల్లిచెల్లా. రోములో అందరూ 'కియేజా నువోవా' అంటారు, అంటే కొత్తగుడి. కట్టడం మొదలై 450 ఏళ్లయినా ఇంకా కొత్తదే. 1575లో పాపుగారు (పోప్) ఇక్కడి పాత గుడిని ఫిలిప్ పెట్టిన గురువుల సభకి ఇస్తే, పడగొట్టి ఇది కట్టారు. 1595లో చనిపోయిన ఫిలిప్ ఇక్కడే ఉన్నాడు, పెద్ద పీఠానికి ఎడమవైపు చిన్న గుడిలో. అమ్మ ముందు అక్కడికే వెళ్లి మోకరించబోయింది. నేను పట్టుకున్నాను.

నేను వచ్చింది మాత్రం పెద్ద పీఠం దగ్గరున్న, చిత్రకారుడు రూబెన్స్ గీసిన పటాల కోసం. అక్కడికి వెళ్లినవాళ్లు చాలామంది ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో గురించి అడుగుతారు. ఆయన 'క్రీస్తు భూస్థాపన' చిత్రం ఈ గుడి కోసం గీసిందే, కానీ అసలుది ఇప్పుడు వాటికన్‌లో ఉంది, ఇక్కడున్నది నకలు. రూబెన్స్‌వి మాత్రం గీసినచోటే ఉన్నాయి.

ఆ పటాల కథ నాకు ఇష్టం. రూబెన్స్‌కి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు) నుంచి వచ్చిన కుర్రాడు. 1606లో రోములోని పెద్ద పెద్ద చిత్రకారుల్ని దాటి ఈ పని అతనికి దక్కింది. పెద్ద గుడ్డ మీద, ఒకప్పటి పాపు అయిన పునీత గ్రెగోరీని మధ్యలో నిలబెట్టి, చుట్టూ దొమితిల్లా, నేరేయు, అకిల్లేయు, మౌరో, పాపియా అనే పునీతులందరినీ ఒకే గుంపుగా గీశాడు. తీసుకొచ్చి పీఠం మీద పెడితే మెరుపు. కిటికీల వెలుతురు నూనెరంగు మీద పడి బొమ్మలే కనపడలేదు. వెలుగు ఎంత పాడుగా పడుతోందో చెబుతూ 1608 ఫిబ్రవరిలో రాసిన ఉత్తరంలో వాపోయాడు. అప్పటికి తను ఇటలీలోని మాంటువాని ఏలే డ్యూక్ కొలువులో ఉన్నాడు. పోనీ మీరు కొనుక్కోండి అని అడిగాడు. డ్యూక్ వద్దన్నాడు.

మళ్లీ మొదటినుంచీ గీశాడు. ఈసారి గుడ్డ మీద కాదు, పలకరాయి మీద.

ఈ మాట చెప్పగానే అమ్మ నా వైపు తిరిగింది. మాది మార్కాపురం. మా తాత పలకరాయి గనిలో పనిచేశాడు. ఉలి పెట్టి రాయిని పొరలు పొరలుగా చీల్చేవాడు. అమ్మ పెళ్లికి ముందు పలకల ఫ్యాక్టరీలో పలకలకి చెక్క చట్రాలు బిగించింది. "మన పలకేనా? బలపంతో రాసుకునేది?" ఆ జాతి రాయే అన్నాను. ఇటలీవాళ్లు పలకరాయినీ, బడిలో నల్లబల్లనీ ఒకే మాటతో 'లవాన్యా' అంటారు. "మరే," అంది అమ్మ, "రాయి రంగును పీల్చుకుంటది, అద్దంలాగా తళుక్కుమనదు. ఈ సంగతి మా నాయన్ని అడిగితే ముందే చెప్పేవాడు."

ఒకే పటం కాస్తా మూడైంది. గుంపును విడదీసి పీఠానికి రెండు పక్కల గోడలకి సర్దాడు. ఒకవైపు గ్రెగోరీ, ఆయనతో యోధులు మౌరో, పాపియా. ఎదుటి గోడకి దొమితిల్లా, ఆమెకి అటూ ఇటూ నేరేయు, అకిల్లేయు. గుడి మధ్యలో కూర్చుంటే పునీతులు సరిగా కనపడరు, పక్కకి జరిగి మెడ వంచి చూడాలి. ఒక్కో పటం నాలుగు మీటర్లకి పైగా ఎత్తు. పైకి చూస్తున్న గ్రెగోరీ మీద బరువైన పూజావస్త్రం, దాని ముడతల్లో మాత్రం సన్నటి వెలుగు. మిగతాదంతా నలుపులోకి దిగిపోయింది. తడిపలక మీద నీళ్లు ఆరుతున్నప్పుడు ఉండే నలుపది.

"మధ్యలో ఆ దూతలు ఎవర్ని చూస్తున్నారు?" అంది అమ్మ.

మధ్య పటంలో దూతలు మేఘాల మీద మోకరించి తలెత్తి చూస్తున్నారు. వాళ్లు చూసేది కోడిగుడ్డు ఆకారంలో ఉన్న రాగిరేకుని. దాని మీద రూబెన్స్ గీసిన మాతా, బాలయేసూ. ఆ రేకు కదులుతుంది. దాని వెనక ఇంకా పాత బొమ్మ ఉంది, 14వ శతాబ్దంలో ఏదో గోడకి వేసిన మరియమాత. 1535లో ఎవడో రాయి విసిరితే ఆ బొమ్మ నుంచి రక్తం కారిందని చెబుతారు. గోడ నుంచి జాగ్రత్తగా తీసి ఇక్కడికి తెచ్చారు. అంటే అంత గొప్ప చిత్రకారుడు మూడు పలకలు నింపింది, పేరు కూడా తెలియని ఎవరో వేసిన గోడబొమ్మకి చట్రం కట్టడానికి.

అమ్మకి చట్రం అన్న మాట బాగా నచ్చింది.

మొదటి పటం ఏమైందని అడిగింది. 1608 అక్టోబరు చివర్లో తల్లికి బాగాలేదని కబురొస్తే రూబెన్స్ ఉన్నపళంగా ఆంట్‌వెర్ప్‌కి బయల్దేరాడు. అప్పటికే ఆమె పోయి తొమ్మిది రోజులైంది, అతనికి తెలియదు. రోములో ఎవరికీ అక్కర్లేకపోయిన ఆ పటాన్ని తల్లి సమాధి దగ్గర పెట్టాడు. తర్వాత ఫ్రెంచి సైన్యం ఎత్తుకుపోయింది. ఇప్పుడు ఫ్రాన్సులోని గ్రెనోబ్ల్ మ్యూజియంలో ఉంది.

"అమ్మకిచ్చాడా," అంది. కాసేపు ఏం మాట్లాడలేదు. "మెరిస్తే ఏమైంది, ఆమెకి."

సాయంత్రం పూజ అయ్యాక జనం లేవలేదు. రాగిరేకు మెల్లిగా జరిగింది. వెనక నుంచి వెలిసిపోయిన రంగుల్లో మాత ముఖం. కళ గురించి తెలిసినవాళ్లు చెప్పుకోడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. నేను ఫోను తీశాను. అమ్మ అడ్డంగా నిలబడింది, ఫోటోలో వచ్చిన తల అదే. చేతులు జోడించి, పెదవులు కదుపుతూ, మోకాళ్ల సంగతి మర్చిపోయి నిలబడే ఉంది.

గైడు నుంచి రెండుసార్లు ఫోను. బస్సు పది నిమిషాల్లో కదులుతుందట. నాకు టెన్షన్. అమ్మ భుజం తట్టాను.

"మూడో రహస్యంలో ఉన్నా," అంది, జపమాలలోని ఐదు భాగాల్లో మూడోదాన్ని చూపిస్తూ. "ఐదూ అయ్యాకే. బస్సు పోతే పోనీరా."