లాన్సర్ ఈవో: అసలు తేడా డిఫరెన్షియల్‌లోనే

మిత్సుబిషి లాన్సర్ ఈవో కార్ల ముచ్చట వస్తే అందరూ టర్బో దగ్గరే ఆగిపోతారు. అసలు తేడా డిఫరెన్షియల్‌లో, అంటే చక్రాలకి ఇంజన్ శక్తిని పంచే గేర్లలో ఉంది. 1996లో ఈవో 4 జీఎస్ఆర్ మోడల్‌కి ఏవైసీ (యాక్టివ్ యా కంట్రోల్) వచ్చింది. మలుపులో వెనుక రెండు చక్రాలకీ టార్క్‌ని, అంటే తిప్పే బలాన్ని, వేరువేరుగా పంచుతుంది. ముందు, వెనుక చక్రాల మధ్యలో మాత్రం పాత విస్కస్ కప్లింగే, అంటే చిక్కటి ద్రవంతో పనిచేసే జోడింపు. 2001లో ఈవో 7 దాన్ని తీసేసి ఏసీడీ (యాక్టివ్ సెంటర్ డిఫరెన్షియల్) పెట్టింది, అంటే హైడ్రాలిక్ ఒత్తిడితో బిగిసే క్లచ్ ప్లేట్లు. టార్మాక్, గ్రావెల్, స్నో అని మూడు మోడ్లు. హ్యాండ్‌బ్రేక్ లాగితే ఆ క్లచ్ వదిలేస్తుంది, హెయిర్‌పిన్ మలుపులో వెనుక భాగం సులువుగా తిరుగుతుంది. ఈవో 8కి మెరుగైన సూపర్ ఏవైసీ, 9కి మైవెక్, అంటే వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు. నన్నడిగితే 9 దగ్గరే ఆగిపోవచ్చు.

2007 ఈవో 10లో ఇనుప బ్లాకు 4జీ63 ఇంజన్ పోయి అల్యూమినియం 4బీ11 వచ్చింది, బెల్టు బదులు టైమింగ్ చైన్. బాగుంది, కానీ ఏసీడీ, ఏవైసీలని నడిపే హైడ్రాలిక్ పంపుని వెనుక చక్రం దగ్గర కింద పెట్టారు. నీళ్లూ ఉప్పూ తగిలి తుప్పు పడుతుంది, మీటర్‌లో వార్నింగ్ వెలుగుతుంది. కొనేముందు కారు ఎత్తించి చూడాల్సింది అక్కడే.

4జీ63 ఉన్న పాత ఈవో కొంటే టైమింగ్ బెల్టుతోపాటు, ఇంజన్ అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ బెల్టూ మార్చండి. ఆ చిన్నది తెగి పెద్దదాంట్లో చిక్కుకుంటే వాల్వులు వంగిపోతాయి. ఇక టైర్లు, ఏ ఈవో అయినా నాలుగూ ఒకేసారి మార్చాలి. అరుగుదలలో తేడా ఉంటే సెంటర్ డిఫరెన్షియల్ తిన్నని రోడ్డు మీద కూడా వేడెక్కుతుంది.