412 పేర్లు, ఒక బటన్, పోయిన నా పరువు

నిన్న రాత్రి పదకొండున్నరకు ఆఖరి పేరు దాని చోట్లో కూర్చుంది. కళ్లు మండుతున్నాయి, కడుపు అంతకన్నా మండుతోంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. రెండ్రోజులు ఆగితే అందర్నీ క్షమించేస్తాను. అప్పుడు రాసినా ఎవరికీ పనికిరాదు.

పని ఇదీ. ఒక ప్రత్యేక సంచిక చివర వేయడానికి రచయితల పేర్ల సూచి కావాలి. మొత్తం 412 పేర్లు. వచ్చినవి వచ్చినట్టు వర్డ్ ఫైల్లో ఒకదాని కింద ఒకటి పడి ఉన్నాయి. అకారాది క్రమంలో పెట్టివ్వాలి. "అదెంత పని మాస్టారూ, బటన్ నొక్కితే అయిపోతుంది" అన్నది నేనే. సంపాదకులు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయన ముందు ఆ మాట అనకుండా ఉండాల్సింది.

బటన్ ఉన్నమాట నిజమే. హోమ్ ట్యాబ్‌లో, పేరాగ్రాఫ్ గడిలో, ఏ కింద జెడ్, పక్కన కిందికి చూసే బాణం. సార్ట్ అంటారు దాన్ని. పేర్లన్నీ సెలెక్ట్ చేసి అది నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. పేరాగ్రాఫ్స్, టెక్స్ట్, అసెండింగ్, ఓకే. అంతే. నేను మొదటిసారి సెలెక్ట్ చేయడం మర్చిపోయాను. వర్డ్ మొత్తం ఫైలునే తీసుకుని శీర్షికనీ ముందుమాట పేరాలనీ పేర్ల మధ్యలో కలిపేసింది. కంట్రోల్ జెడ్ నొక్కి ఊపిరి పీల్చుకున్నాను.

రెండోసారి సంఖ్యలు తగిలాయి. ఎవరో పేర్ల ముందు 1, 2, 3 అని చేత్తో కొట్టారు. టెక్స్ట్ అని చెప్పాక వర్డ్ వాటినీ అక్షరాల్లాగే చూస్తుంది, 1 తర్వాత 10, 11, 12, ఆ గుంపంతా అయ్యాక 2. అవన్నీ పీకేశాను. తర్వాత ఎనిమిది పేర్లు రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగులుకుని ఎటు జరిపినా కలిసే కదిలాయి. కంట్రోల్ షిఫ్ట్ 8 నొక్కి దాగిన గుర్తులు చూస్తే, ఆ వరసల చివర ఎంటర్ బదులు షిఫ్ట్ ఎంటర్ కొట్టి ఉంది. కంటికి కొత్త వరస, వర్డ్‌కు మాత్రం ఎనిమిదీ కలిపి ఒకే పేరా. ఫైండ్ రీప్లేస్‌లో లైన్ బ్రేక్ తీసి పేరా గుర్తు పెట్టించాను. ఆపైన "శ్రీమతి", "డా." అని ముందు తగిలించుకున్న వాళ్లు. సార్ట్ చేయగానే శ్రీమతులంతా ఒకచోట, డాక్టర్లంతా ఒకచోట పెళ్లివిడిది చేశారు. బిరుదులు పేరు వెనక్కి పంపాను. ఇవన్నీ గంటలో అయిపోయాయి.

మళ్లీ సార్ట్ నొక్కాను. పైపైన చూశాను, పైన క, గ లాంటివి కనిపించాయి, కింద వ, శ, స. బాగుందనుకుని ప్రింటు తీసి మాస్టారికి పంపేశాను. నా తప్పు ఇక్కడే. పైనా కిందా చూశాను, నడుమ చూడలేదు.

మర్నాడు ఫోన్.

"ఏమ్మా, ఓనమాలు దిద్దావా నువ్వు?"

నవ్వుతూ అన్నారు, కానీ పక్కన ఇంకెవరో ఉన్నారు, వాళ్ల నవ్వు కూడా వినపడింది. "మొదటి పేజీలో లక్ష్మి ఉంది. ఆ తర్వాత గోపాలం. ఆ తర్వాత సరస్వతి, మళ్లీ కమల. ఐదో పేజీలో మళ్లీ అ నుంచి మొదలెట్టావు. రెండు లక్ష్ములమ్మా! ఒకావిడ పైన, ఒకావిడ కింద. మధ్యలో పది పేజీలు తేడా."

"చూస్తాను మాస్టారూ" అన్నాను. చెవులు వేడెక్కిపోయాయి.

ఫైలు తెరిచి చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మొదటి నూట డెబ్భై పేర్లు బుట్టలోంచి కుమ్మరించినట్టు ఉన్నాయి. ఆ తర్వాతి పేర్లు అ నుంచి హ దాకా ముచ్చటగా, బడిపిల్లల్లా వరసలో నిలబడి ఉన్నాయి. సార్ట్ మళ్లీ చేశాను. అదే. డిసెండింగ్ పెట్టాను. మంచి గుంపు పైకి పోయింది, పాడు గుంపు కిందికి, గందరగోళం గందరగోళంగానే ఉంది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను, ఎందుకో చెప్పలేను. ఆప్షన్స్‌లోకి వెళ్లి సార్టింగ్ లాంగ్వేజ్ తెలుగు అని మార్చాను. ఎలాగూ పెట్టాల్సిందే అది, కానీ ఈ రోగానికి అది మందు కాదు.

మూడు గంటలు పోయాయి. తెలుగు సార్టింగే వర్డ్‌కు రాదని తిట్టుకుంటూ కాగితం మీద చేత్తో వరస రాయడానికి కూర్చున్నాను. అప్పుడు కనిపించింది. పై లక్ష్మి కాస్త లావుగా ఉంది. ఎవరో బోల్డ్ కొట్టారనుకుని మొదట్నుంచీ వదిలేసిన లావు అది.

రెండు లక్ష్ముల్నీ పక్కపక్కన పెట్టాను. కింది లక్ష్మి మొదటి ల వెనక కర్సర్ ఉంచి ఆల్ట్ ఎక్స్ నొక్కాను. వర్డ్‌లో ఇలా నొక్కితే అక్షరం స్థానంలో దాని సంఖ్య కనిపిస్తుంది, మళ్లీ నొక్కితే అక్షరం తిరిగొస్తుంది. 0సి32 అని వచ్చింది. యూనికోడ్ అని అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక నంబరిచ్చే పద్ధతి ఉంది, అందులో ల నంబరు ఇది. పై లక్ష్మి దగ్గర నొక్కాను. రెండు సున్నలతో మొదలయ్యే ఏదో సంఖ్య వచ్చింది. తెలుగు నంబరే కాదది! ఆవిణ్ణి సెలెక్ట్ చేసి గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటుకు మార్చాను. లక్ష్మి మాయమై, తలమీద చుక్కలూ కొమ్ములూ ఉన్న ఐరోపా అక్షరాలు నాలుగైదు మిగిలాయి.

అసలు సంగతేమిటంటే, ఆ నూట డెబ్భై పేర్లూ పాత డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చుపని) ఫాంటులో కొట్టినవి. ఆ ఫాంట్లలో తెలుగు ఉండదు, తెలుగు బొమ్మ ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన గదుల్లో ల బొమ్మ, తలకట్టు బొమ్మ, వత్తు బొమ్మ అద్దెకుంటాయి. క ఒక గది, కి ఇంకో గది, రెంటికీ చుట్టరికం లేదు. సార్ట్ నొక్కితే వర్డ్ బొమ్మ చూడదు, గది నంబరు చూస్తుంది. అందుకే కమల, కిరణ్ ఒకరికొకరు తెలియనట్టు చెరో మూలా పడ్డారు. ఆ నంబర్లు లాటిన్ అక్షరాలవి కాబట్టి ఆ గుంపంతా తెలుగు పేర్లకంటే ముందు వచ్చి కూర్చుంది. యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చింది. అప్పుడే తెలుగుకు 128 గదులున్న సొంత వీధి ఇచ్చారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చేసింది. ఇన్నేళ్లయినా ఆ బొమ్మల ఫాంట్లు పట్టుకుని వేలాడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రింటులో అందంగా వస్తుందంటారు. వస్తుంది. వెతికితే దొరకదు, వరసలో నిలబడదు, ఇంకో కంప్యూటర్‌కు పంపితే పిచ్చిరాతలవుతుంది. గోడమీద అంటించుకోవడానికైతే ఆ అందం చాలు.

ఆ నూట డెబ్భై పేర్లనూ బొమ్మల ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేశాను. చాలావరకు బాగానే మార్చింది. పద్మలో మ వత్తు పక్క అక్షరాన్ని పట్టుకుంది, కొన్నిచోట్ల రావత్తు అసలే ఎగిరిపోయింది. ఒక్కో పేరూ చదివి దిద్దాను. దిద్దుతూ ఉంటే ఇంకో దొంగ దొరికాడు. మూడు పేర్లలో అక్షరం పక్కన పెట్టే సున్న బదులు తెలుగు అంకె సున్నా కొట్టి ఉంది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పూర్ణానుస్వారం 0సి02, అంకె 0సి66. ఆ ముగ్గురూ వాళ్ల తోటివాళ్లకు దూరంగా ఎందుకున్నారో అప్పుడు తెలిసింది. ఈ అంకె కొట్టినవాళ్లకు కూడా నేను రెండు మాటలు అన్నాను, ఇక్కడ రాయను.

ఇంటిపేర్ల తకరారు గురించి ఒక ముక్క. ఇంటిపేరు వదిలి అసలు పేరు మీద వరస కావాలంటే రెంటి మధ్యా ట్యాబ్ కొట్టండి. ఆప్షన్స్‌లో ట్యాబ్స్ ఎంచుకుని, సార్ట్ బై దగ్గర ఫీల్డ్ 2 పెట్టండి. ఖాళీ జాగాను హద్దుగా పెట్టొచ్చని కొందరు చెబుతారు. నమ్మొద్దు. ఇంటిపేరు రెండు మాటలున్నవాళ్ల దగ్గర మునుగుతారు.

ఇక ఇవాళ సాయంత్రం. కొత్త ప్రింటు పట్టుకుని నేనే వెళ్లాను. మాస్టారు చూపుడువేలు వరసల మీద జారుతూ రెండో పేరు దగ్గరే ఆగింది.

"అంజలి ఇక్కడేమిటి? అం అనేది ఔ తర్వాత కదా?"

ఈసారి నేను సిద్ధపడే వెళ్లాను. వర్ణమాలలో అం, అః ఔ తర్వాతే. కానీ నిఘంటువు అలా నడవదు, అందులో అంకం తర్వాతే అకారణం. ఆయన అలమారలోంచే ఒక నిఘంటువు తీసి తెరిచి ముందు పెట్టాను. క్ష దగ్గరా ఇదే పేచీ వచ్చింది. బడిలో క్ష అక్షరమాల చివర్లో నేర్పుతారు, నిఘంటువులో క్షణం ఉండేది క మాటల చివర్లో. క కింద ష వత్తు కదా మరి. ఆయన పేజీలు తిప్పి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఇంత చూళ్లేదు" అన్నారు. ఓనమాల మాట నేను గుర్తు చేయలేదు. ఇంటికొచ్చే దారిపొడుగునా మాత్రం నాకు నేనే గుర్తు చేసుకుని నవ్వుకున్నాను.

మీకెవరైనా తెలుగు పేర్ల ఫైలు ఇస్తే, సార్ట్ బటన్ జోలికి పోకముందే కంట్రోల్ ఏ నొక్కి మొత్తానికీ ఒకే యూనికోడ్ ఫాంటు పెట్టి చూడండి. పిచ్చిరాతలు వచ్చాయా, ఆ వరసలు టైపు చేసినవాళ్ల దగ్గరకే తిప్పి పంపండి. నాలా మొహమాటానికి పోయి మీరే కూర్చోకండి. వరస పెట్టాక మొదలూ చివరా కాదు, నడుమ నాలుగు పేజీలు చదవండి.

ఒక్కటి తేలలేదు. పట్టికలో కృష్ణ అని ఒకరు, క్రిష్ణ అని ఒకరు ఉన్నారు, ఇంటిపేరు ఒకటే. క కు సుడి ఇస్తే కేశవ కంటే ముందు, పొల్లు పెట్టి ర వత్తు ఇస్తే కోటేశ్వరం కూడా దాటిపోయాక. ఇద్దరూ ఒకరేనేమోనని పొద్దుట్నుంచీ ఫోన్ చేస్తున్నా, ఎత్తడం లేదు. ప్రస్తుతానికి ఆయన రెండుచోట్లా ఉన్నారు.