ఇంటి క్యాలెండర్, నాలుగో వారం: ఆ 15 నిమిషాల గడి ఇంకా లొంగలేదు

మా ఇంట్లోవాళ్ల ట్యూషన్లు, ప్రయాణాలు చూపించడానికి నేను రాస్తున్న ఫోన్ యాప్ సంగతి ఇది. రిపీట్ అయ్యే ట్యూషన్లు, మధ్యలో ఒక్కరోజు సెలవు పెట్టుకోవడం పోయిన ఆదివారానికే కుదిరిపోయాయి. వారమంతా నన్ను తినేసింది ఒకే ఒక్క గడి: సాయంత్రం 4:35 నుంచి 4:50, బాబుని పటమట నుంచి మొగల్రాజపురం ట్యూషన్‌కి దింపే గడి.

ఒక రోజుని చూపించే స్క్రీన్‌లో గంటకి 60 డీపీ (స్క్రీన్ మీద పొడవు కొలిచే యూనిట్) ఎత్తు ఇచ్చాను. నిమిషానికి ఒకటి, లెక్క తేలికని మురిసిపోయాను. దాంతో దింపే గడి ఎత్తు 15 వచ్చింది, అంటే దాదాపు 2.4 మిల్లీమీటర్లు. వేలితో నొక్కేది కనీసం 48 ఉండాలని మెటీరియల్ డిజైన్ (యాప్‌ల రూపానికి గూగుల్ ఇచ్చే సూచనలు) వాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నదే. నాన్నకి ఫోనిచ్చి ఇరవైసార్లు నొక్కమన్నాను. తొమ్మిదిసార్లు సరిగ్గా తగిలింది, ఏడుసార్లు కిందున్న ట్యూషన్ తెరుచుకుంది, నాలుగుసార్లు పేజీ జరిగిపోయింది.

సరే, ఎత్తు 48 చేశాను. చక్కగా తగిలింది, కానీ చూడ్డానికి ముప్పావుగంట ప్రయాణంలా ఉంది. "ఏరా, ఐదుంబావు దాటేదాకా కారు దొరకదా?" అన్నారు నాన్న. ఆయన తప్పేం లేదు.

తర్వాత గడిని 15గానే ఉంచి, నొక్కే చోటుని మాత్రం కనిపించకుండా పైన 16.5, కింద 16.5 పెంచాను. ఒక్క గడి ఉన్నప్పుడు బ్రహ్మాండం. కానీ బాబుని దింపాక అట్నుంచటే చెల్లెలి కూతుర్ని లబ్బీపేట డాన్స్ క్లాసుకి 4:55 నుంచి 5:10 లోపు దింపాలి. మధ్యలో ఖాళీ 5 డీపీ. నొక్కే చోట్లు రెండూ 28 మేర ఒకదాని మీదొకటి ఎక్కాయి. యాప్ రాస్తున్న ఫ్లట్టర్‌లో, ఒకదాని మీదొకటి పేర్చే 'స్టాక్'లో పైపొరలో ఉన్నదానికే టచ్ ముందు వెళ్తుంది కదా, బాబు గడిలో 15కి 11.5 పాపకి పోయింది! ఈ సంగతి పట్టుకోవడానికి రెండు రాత్రులు.

పావుగంటకే 48 వచ్చేలా గంటని 192 చేసి కూడా చూశాను. ఉదయం 5 నుంచి రాత్రి 10 దాకా 3264 డీపీ, అంటే నా ఫోన్‌లో ఐదు స్క్రీన్లకి పైనే. అమ్మ రెండో స్క్రీన్ దగ్గరే ఫోన్ పక్కన పెట్టేసింది.

గొడవ సైజుది కాదేమోనని గురువారం అనుమానం వచ్చింది. 5:10కి కారు ఖాళీ అని యాప్ చూపిస్తోంది, నేనేమో ఇంకా బెంజి సర్కిల్ దగ్గర ఇరుక్కుని ఉన్నాను. తిరిగొచ్చే ప్రయాణం అసలు ఎక్కడా రాయలేదు. ఇంట్లో వాళ్లకి కావాల్సింది దింపడానికి ఎంతసేపు పడుతుందన్నది కాదు, బండి గుమ్మం ముందుకి ఎప్పుడొస్తుందన్నది.

అందుకే ప్రయాణాల్ని గంటల గీతల్లోంచి పీకేసి కింద 'బండ్ల పట్టీ' పెట్టాను. ఒక్కో వరస 56 డీపీ: ఎవరు, ఎవర్ని, ఏ బండి మీద, ఇంటికి ఎప్పటికి. ట్యూషన్ టైము జరిపితే వరసా జరగాలి కాబట్టి ఐక్యాలెండర్ (క్యాలెండర్ వివరాలు రాసే ప్రామాణిక పద్ధతి)లో ఒకదాన్ని ఇంకోదానికి జతచేసే రిలేటెడ్-టు తో రెండిటినీ ముడేశాను. లైన్ హైట్ (అక్షరాల సైజుకి ఎన్ని రెట్లు వరస ఎత్తు అన్నది) 1.3 పెడితే మొగల్రాజపురంలో ఒత్తు తెగింది, 1.6కి సర్దుకుంది. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు. మండలి ఫాంట్ అందంగా ఉంటుంది కానీ చిన్న అక్షరాలకి నాకు నోటోనే నచ్చింది. ఈసారి స్క్రీన్లు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్ తెరవనే లేదు, పాత గోడ క్యాలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో గీశాను. ఇంటి పనికి అదే మేలు, అమ్మ కూడా పెన్సిల్ తీసుకుని దిద్దుతుంది.

గుంటూరు వెళ్లొచ్చే బావ కారులో ఖాళీ సీట్లు కూడా ఈ పట్టీలోనే చూపించాలని ఉంది. దసరాకి ఇంద్రకీలాద్రి వైపు ట్రాఫిక్ మళ్లించే రోజుల్లో తిరుగు ప్రయాణానికి అదనంగా నిమిషాలు కలిపే మీట కూడా. తాళాలు తగిలించే కొక్కెం పక్కన పాత ట్యాబ్ బిగిస్తే ఎలా ఉంటుందో మరి, ఛార్జర్ వైరు అక్కడిదాకా రావడం లేదు.

ముందు ఆదివారం నాన్నతో మళ్లీ ఇరవైసార్లు నొక్కించాలి. ఈసారి కళ్లజోడు లేకుండా.