తడికి పై అంచు ఎక్కడ?

మా పెట్రోల్ కారుకు ఇరవై ఏళ్లు. నాన్నగారు కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్నాను. పోయిన నెలలో స్టీరింగ్ తిప్పినప్పుడల్లా మూలుగు మొదలైంది. గేటు దగ్గర వెనక్కి మళ్లించేటప్పుడు మరీ ఎక్కువ. బానెట్ ఎత్తితే స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో మట్టం కింది గీత దాటి పడిపోయి ఉంది. నూనె తగ్గితే, స్టీరింగ్‌ను తేలిగ్గా తిప్పేలా చేసే పంపు గాలి పీలుస్తుంది. ఆ మూలుగు దానిదే.

కొత్త నూనె పోసి, రాత్రి కారు కింద అట్ట పరిచాను. పొద్దున్నే ఎర్రటి మరక. మా కూలెంట్ ఆకుపచ్చ, ఇంజిన్ ఆయిల్ నలుపు. ఇక సందేహం లేదు, అది స్టీరింగ్ నూనే.

గ్యారేజీలో కింద నుంచి చూసి, ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను పక్కకు మళ్లించే భాగం) సీళ్లు పోయాయి, మొత్తం మార్చాలి, పద్దెనిమిది వేలు అన్నారు. ర్యాక్ తడిసిన మాట నిజమే. కానీ అది బాగా దిగువన ఉంటుంది. పైన ఎక్కడ కారినా చివరికి అక్కడికే చేరుతుంది. అందుకే చూడవలసింది తడి కాదు, ఆ తడికి పై అంచు. ఒక్క రోజు గడువు అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

పైపులు, పంపు, ర్యాక్ అన్నీ సబ్బునీళ్లతో తుడిచి, బాగా ఆరనిచ్చి, ఒంటికి రాసుకునే పౌడరు చల్లాను. ఇంజిన్ ఆన్ చేసి మా అమ్మాయిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాను.

"నెమ్మదిగా తిప్పమ్మా. చివరిదాకా వెళ్లాక అక్కడే పట్టి ఉంచకు, వెంటనే వదిలెయ్."

"ఎందుకు నాన్నా?"

"అక్కడ పంపు మీద ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది."

ఆ ఒత్తిడితో సన్నగా చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. అందుకే పంపు నుంచి ర్యాక్‌కు నూనెను ఒత్తిడితో పంపే ప్రెజర్ పైపును వేళ్లతో తడమకూడదు. నేను టార్చితో, దూరం నుంచే చూశాను. అయిదు నిమిషాలకు డబ్బా అడుగున, నూనెను తిరిగి డబ్బాలోకి తెచ్చే రిటర్న్ పైపు క్లిప్పు కింద, తెల్లటి పౌడరు మీద గులాబీ రంగు చార! ఆ పైపు కొన గట్టిపడి పగిలింది. ఇంజిన్ ఆపేసి ర్యాక్ రెండు చివర్ల రబ్బరు బూట్ల (తొడుగుల) క్లిప్పులు వదులు చేసి చూశాను. సీలు పోతే నూనె అక్కడ నిలుస్తుంది. రెండూ పొడిగా ఉన్నాయి.

కొత్త పైపు, రెండు క్లిప్పులు కలిపి 260 రూపాయలు. నూనెను తట్టుకునే రకమే అడిగి తీసుకోండి. నీళ్ల పైపు వేస్తే కొన్నాళ్లకే ఉబ్బి మెత్తబడుతుంది. నూనె కూడా డబ్బా మూత మీద రాసిన రకమే పోయాలి. లీకు ఆపుతుందని అమ్మే మందు మాత్రం నేను పోయను. అది సీళ్లను ఉబ్బిస్తుంది, పగిలిన పైపును అతికించదు.

పైపు మార్చాక ముందు చక్రాలు పైకెత్తి, స్టాండ్ల మీద నిలిపి, ఇంజిన్ ఆపే ఉంచి, లోపలి గాలి పోయేలా స్టీరింగ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు ఇరవై సార్లు తిప్పాం. మట్టం తగ్గినప్పుడల్లా నూనె పోస్తూ, బుడగలు ఆగాకే ఇంజిన్ ఆన్ చేశాం. మూలుగు పోయింది.

ప్రెజర్ పైపు రబ్బరుకూ ఇంతే వయసు. దాని లోహపు తొడుగు దగ్గర ఇంకా చెమ్మ లేదు. వేసవిలోపు దాన్నీ మార్పిస్తాను, అయితే ఆ పని గ్యారేజీలోనే.