రిపోర్టులో ఎర్ర అంకె

నిన్న మా పాప రక్తపరీక్ష రిపోర్టులో ఐజీఎఫ్-1 (గ్రోత్ హార్మోన్ వల్ల ఒంట్లో తయారయ్యే ప్రోటీన్) అంకె పక్కన ఎర్రగా 'హై' అని ఉంది. పదహారేళ్లది, రోజూ పొద్దున్నే విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో పరుగెత్తుతుంది. అలసటగా ఉందంటే టెస్టులు చేయించాం. "ఏమైనా ఇంజెక్షన్లు వాడుతున్నావా?" అని ల్యాబ్‌లో అడిగేశారట. అన్నం ముట్టలేదు పిల్ల. రిపోర్టు నాలుగు మడతలు పెట్టి స్పైక్స్ సంచిలో దాచేసింది.

డాక్టర్ గారు చూసి, అది పెద్దవాళ్ల కొలత, ఈ వయసులో ఎక్కువే ఉంటుందన్నారు. ప్రాణం లేచొచ్చింది.

గ్రోత్ హార్మోన్ డోపింగ్ పట్టడానికి ఐజీఎఫ్-1తో పాటు ఇంకో ప్రోటీన్ కూడా కొలుస్తారు. లెక్కలో వయసూ, ఆడా మగా అన్నదీ చేరుస్తారు. 2012 లండన్ పారాలింపిక్స్‌లో ఈ పద్ధతి వాడారు. జాతి మాటా పరిశోధకులు పట్టించుకున్నారు. టెస్టోస్టిరాన్ డోపింగ్ సంగతీ అంతే. మూత్రపరీక్షలో టెస్టోస్టిరాన్‌కీ, ఎపిటెస్టోస్టిరాన్ అనే దాన్ని పోలిన పదార్థానికీ మధ్య నిష్పత్తి చూస్తారు, హద్దు 4:1. తూర్పు ఆసియాలో చాలామందికి టెస్టోస్టిరాన్‌ని మూత్రంలోకి పంపడానికి తోడ్పడే యూజీటీ2బీ17 జన్యువు ఉండదు, వాళ్ల నిష్పత్తి సహజంగానే బాగా తక్కువ. ఆటగాళ్ల పరీక్షల అంకెల్ని ఏళ్ల తరబడి దాచే రికార్డు అథ్లెట్ పాస్‌పోర్ట్. 2009లో రక్తపు కొలతలతో మొదలైన దాంట్లో 2014 నుంచి ఈ నిష్పత్తినీ చేర్చారు. అందులో ఎవరి అంకెల్ని వాళ్ల పాత అంకెలతోనే పోలుస్తారు. నాకిదే న్యాయం అనిపిస్తుంది.

ఇవాళ ఐదింటికే లేచి బూట్లు కట్టుకుంది. రిపోర్టు ఇంకా సంచిలోనే ఉంది.