మాత్రలు లేకుండా వీగన్ ఆహారం: ఎక్కడిదాకా సరిపోతుంది?

పాలు, గుడ్లు, చేప, మాంసం ఏవీ ముట్టకుండా గింజలు, పప్పులు, కూరలు, పండ్లతోనే అన్ని పోషకాలూ అందుతాయా అని చూసుకునేటప్పుడు నేను లెక్క విటమిన్ బి12 నుంచే మొదలుపెడతాను. మిగతావి చాలావరకు వంటింట్లోనే సర్దుకోవచ్చు. ఇది మాత్రం సర్దుబాటయ్యేది కాదు.

బి12ను తయారుచేసేవి సూక్ష్మజీవులు. మొక్కలకు దానితో పనే లేదు. ఆహారంగా అమ్మే స్పిరులినా అనే నాచులో ఉండేది ఎక్కువ భాగం మన ఒంటికి పనికిరాని నకలు రూపం. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది సుమారు 2.4 మైక్రోగ్రాములే. కాలేయంలోని నిల్వ ఏళ్ల తరబడి సరిపోవచ్చు కాబట్టి, మొదట్లో అంతా బాగున్నట్టే ఉంటుంది. ఫోలేట్ (ఆకుకూరలు, పప్పుల్లో ఉండే మరో బి విటమిన్) బాగా అందేవాళ్లలో రక్తహీనత బయటపడకుండానే నరాలు దెబ్బతినవచ్చు. అందుకే హిమోగ్లోబిన్ బాగుందని ఊరుకోను. రక్తపరీక్షలో సీరమ్ బి12తో పాటు, బి12 తక్కువైతే పెరిగే మిథైల్‌మలోనిక్ యాసిడ్ గానీ హోమోసిస్టీన్ గానీ చూడాలి.

అందుకే బి12కు మాత్ర వేసుకోక తప్పదు. అది పెద్ద డోసులో ఎందుకంటే, పేగు ఒక్క విడతలో బాగా పీల్చుకోగలిగేది 2 మైక్రోగ్రాములలోపే. ఆపైన ఉన్నదాంట్లో 1 శాతం దాకా మాత్రమే లోపలికి పోతుంది. లోపం రాకుండా ఉండటానికి వారానికి 2000 మైక్రోగ్రాములు తీసుకుంటే చాలు. లోపం ఇప్పటికే ఉంటే ఆ మోతాదు డాక్టరే చెప్పాలి.

ఇనుము విషయంలో ఎంత తిన్నామన్నదాని కంటే ఎంత ఒంటపట్టిందన్నదే ముఖ్యం. పప్పుల్లోని ఫైటేట్ అనే పదార్థం ఇనుమునూ జింకునూ పట్టి ఉంచుతుంది. రాత్రంతా నానబెట్టి, నీళ్లు పారబోసి, మొలకెత్తిస్తే అది తగ్గుతుంది. అదే భోజనంలో నిమ్మరసమో జామపండో ఉండాలి. విటమిన్ సి వేడికి పోతుంది కాబట్టి నిమ్మరసం పొయ్యి దించాకే పిండాలి. టీ, కాఫీ భోజనానికి గంట ఎడంగా తాగాలి.

కాల్షియం కోసం పాలకూరను నమ్ముకోవద్దు. కాల్షియాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్ వల్ల అందులోది 5 శాతమే ఒంటపడుతుంది. బ్రోకలీ, క్యాబేజీ జాతి ఆకులు, కాల్షియం లవణంతో గడ్డకట్టించిన టోఫు (సోయా పనీర్) మేలు.

ఒమేగా-3 అనే కొవ్వుకు రోజూ ఒక టేబుల్‌స్పూన్ అవిసె పొడి చాలు. గింజలు నమలకుండా మింగితే అలాగే బయటికి పోతాయి. అయోడిన్‌కు అయోడిన్ కలిపిన ఉప్పు వాడితే సరి. కొన్ని సముద్రపు నాచుల్లో అది ప్రమాదకరమైనంత ఎక్కువ. ఎండ తగలనివాళ్లకు విటమిన్ డి కూడా మాత్రగానే కావాల్సి రావచ్చు.

నేను గట్టిగా చెప్పేది గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు. తల్లికి బి12 తక్కువైతే పాలలోనూ తక్కువే ఉంటుంది. పసిబిడ్డకు నిల్వ చాలా తక్కువ, కొన్ని నెలల్లోనే ఎదుగుదల కుంటుపడవచ్చు. ఆ రోజుల్లో మాత్ర లేకుండా ప్రయత్నమే చేయవద్దు.